ఏప్రిల్ ఇరవై అయిదున లవంగాలు కొనబోయి

విజయవాడ వన్‌టౌన్‌లో మా నాన్నకి మసాలా దినుసుల కొట్టు ఉండేది. మిరియాలు, ఏలకులు, లవంగాలు బస్తాల్లో దిగేవి. నాకు ఎక్కాలు సరిగా రాకముందే లవంగం చూడటం వచ్చింది. మొగ్గ తల రాలిపోకుండా ఉండాలి, గోరుతో నొక్కితే నూనె తడి తగలాలి. ఆ తరవాత మొహం చిట్లించి, "పాత సరుకులా ఉందే" అనాలి. సరుకు ఎంత తాజాగా ఉంటే మొహం అంత ఎక్కువ చిట్లించాలి. నేను అమెరికాకి తెచ్చుకున్న అసలు విద్య ఇది. ఇంజినీరింగ్ డిగ్రీ కూడా ఒకటి ఉంది గానీ, దాని వల్ల ఉద్యోగం తప్ప వేరే లాభం కలగలేదు.

1980లో మేం న్యూవార్క్‌లో, పోర్చుగీసు వాళ్ళ పేటని ఆనుకుని ఉండేవాళ్ళం. మా ఆవిడ ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసేది. నేను వాల్వులు తయారుచేసే ఫ్యాక్టరీలో, వచ్చిన ప్రతి ముక్కలోనూ లోపం వెతికే ఉద్యోగం. నాకోసమే పుట్టిన ఉద్యోగం అనేది మా ఆవిడ. ఆ రోజుల్లో సూపర్ మార్కెట్‌లో లవంగాలు బొటనవేలంత గాజు సీసాలో వేసి అమ్మేవారు. లెక్కపెట్టి పోశారా అనిపించేది. ఆ సీసా మీది ధర మొదటిసారి చదివినప్పుడు నేను కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. ఇండియన్ కొట్టుకి వెళ్ళాలంటే నది దాటి న్యూయార్క్ పోవాలి.

అలాంటి సమయంలో మా వీధి చివర ఒక పోర్చుగీసు కొట్టు కంటపడింది. గుమ్మంలో అట్టల్లా బిగుసుకుపోయిన ఉప్పుచేపలు. లోపల ఆలివ్ నూనె డబ్బాలు. ఒక మూల చెక్కపెట్టెల్లో దాల్చినచెక్క, మిరియాలు, లవంగాలు, అన్నీ విడిగా, తూకానికి. నాకు వన్‌టౌన్‌కి వెళ్ళినట్టయింది. మా ఆవిడ మాత్రం ఆ చేపల వాసనకి ముక్కు మూసుకుని, గుమ్మం బయటే ఉండిపోయింది. "మీ నాన్నగారి కొట్టు ఇలాగే ఉండేదంటే నమ్మను" అంది.

కొట్టు యజమాని నాకన్నా మూడేళ్ళు చిన్నవాడు. దుబ్బు మీసం, లావు చేతులు. ఆయన ఇంగ్లీషులో క్రియలు ఉండేవి కావు, నా ఇంగ్లీషు ఉచ్చారణ ఆయనకి అర్థమయ్యేది కాదు. అందుకని ఇద్దరం గట్టిగా మాట్లాడుకునేవాళ్ళం. నన్ను "ఇండియా" అని పిలిచేవాడు. నేను ఆయన్ని "సీనియోర్" అనేవాణ్ణి. మర్యాదలన్నీ బాగానే ఉన్నాయి గానీ లవంగాల ధర మాత్రం ఒక్క సెంటు తగ్గించేవాడు కాదు. మొహం చిట్లిస్తే తనూ చిట్లించేవాడు. వెళ్ళిపోతున్నట్టు గుమ్మం దాకా నడిస్తే వెనక నుంచి "గుడ్ నైట్, ఇండియా!" అని సాగనంపేవాడు.

మా నాన్న దగ్గర ఇలాంటి వాళ్ళకి ఒక మందు ఉండేది. మలయాళీ వ్యాపారి వస్తే నాలుగు ముక్కలు మలయాళంలో, మార్వాడీ వస్తే నాలుగు ముక్కలు హిందీలో మాట్లాడేవారు. తన భాష వినపడగానే మనిషి కాస్త మెత్తబడతాడని ఆయన లెక్క. నేను లవంగాల పెట్టె మీద అతికించిన చీటీ చూశాను. "క్రావు ద ఇండియా" అని ఉంది. వెనక రెండు మాటలూ ఎలాగూ మావే కదా అని, మొదటి మాట ఒక్కటే బట్టీ పట్టాను. దారి పొడుగునా క్రావు, క్రావు అనుకుంటూ, ఒక శుక్రవారం సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి నేరుగా కొట్టుకి వెళ్ళాను. అది ఏప్రిల్ ఇరవై అయిదు.

"సీనియోర్! క్రావు!" అని చెయ్యి చాచాను.

జున్ను కోస్తున్న ఆయన భార్య కత్తి ఆపేసింది. ఆయన గల్లాపెట్టె వెనక నుంచి బయటికి వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. అప్పుడు చూశాను, బల్ల మీద నీళ్ళ బకెట్టులో నిండా ఎర్ర కార్నేషన్ పువ్వులు, రేకుల అంచులు కత్తెరతో పళ్ళు పళ్ళుగా కత్తిరించినట్టు. ఒకటి తీసి, కాడ తుంచి, నా చొక్కా కాజాలో గుచ్చాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఇండియా! నీకెలా తెలుసు?"

ఏం తెలుసో నాకు తెలియదు. కానీ కొట్టులో పెరిగినవాడు తనకి తెలియని సంగతి ఒకటి ఉందని ఎదుటివాడికి కనపడనివ్వడు. కనపడిందా, ఇక ధర మన చేతిలో ఉండదు.

"ఎందుకు తెలియదు!" అన్నాను గంభీరంగా.

"ఎంత?" అని జేబులో చెయ్యి పెట్టబోతే ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. "ఈ రోజు దీనికి ధర లేదు" అన్నాడు. నన్ను ఒక నూనె డబ్బా మీద కూర్చోబెట్టి, భార్య చేత చిన్న గ్లాసులో చిక్కటి కాఫీ తెప్పించాడు. ఇక ఆ మనిషిని లవంగాలు అడగడం ఎలా? పువ్వు పెట్టుకుని ఇంటికి వచ్చాను.

మా ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "లవంగాలేవండీ?"

"ఏదో పండగ. పువ్వు పెట్టారు."

"మసాలాలో ఇది దంచమంటారా?"

మర్నాడు ఆవిడే తన ల్యాబ్‌లో పనిచేసే పోర్చుగీసు అమ్మాయిని అడిగి విషయం కనుక్కుంది. వాళ్ళ భాషలో లవంగానికీ ఆ పువ్వుకీ ఒకటే మాట. ఇండియా కలిపితే లవంగం, కలపకపోతే పువ్వు. ఆ పువ్వు పేరు మీదే వాళ్ళ దేశంలో ఒక విప్లవం ఉంది, సరిగ్గా ఏప్రిల్ ఇరవై అయిదున. "మీరు వెళ్ళి ఆయన్ని పువ్వు అడిగారు, అదీ ఆ రోజున" అంటూ మా ఆవిడ నవ్వి నవ్వి కుర్చీలో కూలబడింది. "నిజం చెప్పేస్తారా?" అంది. చెప్పేద్దామనే బయల్దేరాను. కొట్టులో అడుగు పెట్టగానే ఆయన నన్ను తన బావమరిదికి చూపించి, "మన రోజు తెలిసిన ఇండియా ఈయనే" అన్నాడు. చెప్పలేకపోయాను.

అప్పటినుంచి వారానికి ఒకసారైనా ఆ నూనె డబ్బా మీద కూర్చునేవాణ్ణి. ఆయన కథ కొంచెం కొంచెంగా తెలిసింది. ఆయన పుట్టక ముందు నుంచీ వాళ్ళ దేశంలో ఒకటే ప్రభుత్వం. నోరెత్తితే రహస్య పోలీసులు. వాళ్ళ నాన్న చెప్పులు కుట్టేవాడట. ఒక సాయంత్రం సారాకొట్టులో రొట్టె ధర గురించి ఏదో అన్నాడు. ఏడు నెలలు ఇంటికి రాలేదు. వచ్చాక ఇక ఎప్పుడూ దేని ధరా అడగలేదు. ఎంత అంటే అంత బల్ల మీద పెట్టి వచ్చేసేవాడు.

ఈ మాట దగ్గర నేను కాఫీ గ్లాసు పక్కన పెట్టేశాను. మా నాన్న గుర్తొచ్చారు. ఎమర్జెన్సీలో అధికారులు వచ్చి ప్రతి కొట్టు ముందూ ధరల బోర్డు పెట్టించారు. మా నాన్న సుద్దముక్కతో వరసగా రాశారు, మిరియాలు ఇంత, లవంగాలు ఇంత. నిజం చెప్పాలంటే చాలామందికి ఆ బోర్డు నచ్చింది. మా అమ్మకీ నచ్చింది. కానీ కొట్టులో చప్పుడు పోయింది. వచ్చినవాళ్ళు బోర్డు చూసి, డబ్బులిచ్చి, కొనుక్కుని వెళ్ళిపోయేవారు. రాజకీయాలు మాట్లాడే ఇద్దరు ముసలాళ్ళు రావడం మానేశారు. "ధరకేం, బాగానే ఉంది. అడిగే నోరే పోయింది" అన్నారు మా నాన్న ఒకసారి, నాకు మాత్రమే వినపడేట్టు. ఎమర్జెన్సీ పోయాక ఆ బోర్డు తిరగేసి దాని మీద బెల్లం దిమ్మలు పెట్టుకున్నారు.

ఇదంతా ఆయనకి చెప్పాను. "నీ నాన్న, నా నాన్న" అని రెండు వేళ్ళు పక్కపక్కన పెట్టి చూపించాడు. లవంగాల ధర మాత్రం తగ్గించలేదు.

ఆఫ్రికాలో వాళ్ళ దేశం ఏళ్ళ తరబడి యుద్ధం చేసింది. ఆయన అన్న అక్కడికి వెళ్ళి తిరిగి రాలేదు. ఈయన వంతు వచ్చేసరికి సైన్యంలో లారీ డ్రైవరు. యుద్ధంతో విసిగిపోయిన కుర్ర కెప్టెన్లు ఒక తెల్లవారుజామున, 1974లో, లారీలు ఎక్కండి అన్నారు. ఎక్కడికో చెప్పారు, ఎందుకో చెప్పారు, ఇష్టం లేనివాళ్ళు ఆగిపోవచ్చన్నారు. ఈయన లారీ తీశాడు. రోజంతా లిస్బన్‌లో ఒక ఇరుకు సందులో లారీ అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాడు. ఆడవాళ్ళు పాలు, రొట్టెలు, సిగరెట్లు తెచ్చి ఇచ్చారు. తరవాత ఎవరో పువ్వులు పంచారు. సైనికులందరి తుపాకీ గొట్టాల్లోనూ పువ్వులు గుచ్చారు. ఈయన చేతిలో తుపాకీ లేదు. పువ్వు పట్టుకున్న ఆవిడ ఎక్కడ గుచ్చాలో తెలియక లారీ అద్దం తుడిచే పుల్లకి గుచ్చి వెళ్ళిపోయింది. "తీసేస్తే ఆవిడ బాధపడుతుంది. వాన వస్తే ఎలా అని రోజంతా నాకు అదే దిగులు" అన్నాడు. సాయంత్రానికి ప్రభుత్వం పడిపోయింది. "నలుగురు చనిపోయారు, రహస్య పోలీసుల భవనం ముందు. పువ్వులు అంటారు, వాళ్ళని మరిచిపోతారు" అని ప్రతిసారీ చివర కలిపేవాడు.

ఈ కథ నా బుర్రలో ఎంత బలంగా దిగిందంటే, మరుసటి ఉగాదికి నేనే ఒక విప్లవం చేశాను.

మా ఊళ్ళో తెలుగు సంఘం ఒకటి ఉండేది. దానికి పుట్టినప్పటినుంచీ అధ్యక్షుడు డాక్టర్‌గారు. పెద్దాయన, మంచి మనిషి. కొత్తగా దిగిన ప్రతివాణ్ణీ ఎయిర్‌పోర్ట్ నుంచి తన కార్‌లో తెచ్చేవారు. ఎవరి పిల్లకి జ్వరం వచ్చినా ఫోన్‌లోనే మందు చెప్పి, పొద్దున మళ్ళీ తనే ఫోన్ చేసి అడిగేవారు. కానీ సంఘం ఆయన సొంత ఇల్లు. ఎవరు పాడాలో, ఎవరి పిల్ల ఆడాలో ఆయనే చెప్పేవారు. మేం నాటకం రాస్తే ఎర్రపెన్సిలుతో దిద్దేవారు. ఎన్నిక కూడా ఉండేది. స్టేజి మీద నిలబడి, "నేను వద్దనేవాళ్ళు చేతులెత్తండి" అని ఒక్కొక్కరి మొహం చూసేవారు. ఆయన ఉగాది ఉపన్యాసం గంట దాటేది.

1981 ఉగాదికి అది గంటా పదిహేను నిమిషాలు దాటింది. పిల్లలు ఏడుస్తున్నారు. పులిహోర ఎండిపోతోంది. భోజనాల బాధ్యత నాది, హాలు తాళాలు కూడా నా దగ్గరే, ఎందుకంటే హాలు బేరం చేసింది నేను. మైకు దగ్గర నా స్నేహితుడు, వరంగల్ నుంచి వచ్చినవాడు, నా వైపు చూశాడు.

"అన్నా, వైర్ గుంజనా?"

నేను తలూపాను. మైకు చచ్చిపోయింది. నేను ఒక కుర్చీ ఎక్కి, పాత కమిటీ రద్దయిందనీ, ఒక్క సంవత్సరానికి తాత్కాలిక కమిటీ వస్తుందనీ, వచ్చే ఉగాదికి రహస్య ఓటుతో ఎన్నిక పెట్టి ఎవరు గెలిస్తే వాళ్ళకి అప్పజెప్పేస్తాననీ అరిచాను. "మాటిస్తున్నాను!" అన్నాను. హాలు చప్పట్లతో మోగింది. ఆ చప్పట్లలో సగం ప్రజాస్వామ్యానికీ, సగం పులిహోరకీ అని నాకు అప్పుడే తెలుసు.

డాక్టర్‌గారు ఉపన్యాసం కాగితాలు మడిచి కోటు జేబులో పెట్టుకుని, విస్తరి పట్టుకుని వరసలో చివర నిలబడ్డారు. నేను వడ్డిస్తుంటే, "ఉప్పు సరిపోయింది బాబూ" అన్నారు. ఆ మాట నాకు చాలా రోజులు గుచ్చుకుంది.

ఏప్రిల్ ఇరవై అయిదున కొట్టుకి వెళ్ళి ఈ సంగతి చెబితే, సీనియోర్ బల్ల మీద గుద్ది గుద్ది నవ్వి, నాకు రెండు పువ్వులు గుచ్చాడు. నవ్వు ఆగాక అడిగిన మొదటి ప్రశ్న ఇది: "మరి ఎప్పుడు తిరిగి ఇస్తావు?"

"ఒక్క ఏడాది. మాటిచ్చాను."

"బాగుంది. పట్టుకోవడం ఒక రోజు పని, ఇండియా. నేను చూశాను. ఇవ్వడం కూడా చూశాను."

ఏడాది నడిచింది. కుర్చీ చాలా సౌకర్యంగా ఉంది. ఇంకా సౌకర్యంగా ఉండాలని దాని మీద ఒక దిండు వేయించాను. ఉపన్యాసాలు పది నిమిషాలు మించకూడదని నియమం పెట్టి, అందరిచేతా పాటింపజేశాను. నేను మాత్రం ఉపన్యాసం ఇవ్వలేదు, "రెండు మాటలు" చెప్పేవాణ్ణి. దీపావళికి స్టేజి దిగగానే మా ఆవిడ వాచీ చూపించింది.

"మీ రెండు మాటలూ ముప్పై ఎనిమిది నిమిషాలు పట్టాయండీ. డాక్టర్‌గారే నయం. మధ్యలో ఆగి మంచినీళ్ళు తాగేవారు, మేం కాస్త ఊపిరి పీల్చుకునేవాళ్ళం."

జనవరిలో మంచు బాగా పడ్డ ఒక ఆదివారం వరంగల్ స్నేహితుడు మా వంటింట్లో కూర్చుని, సభ్యుల జాబితా తీసి, ఒక్కొక్క పేరు మీదా వేలు పెట్టుకుంటూ వచ్చాడు. చివరికి పెన్ను మూసేశాడు.

"అన్నా, ఎలక్షన్ పెడితే పెద్దాయనే గెలుస్తడు."

"అదెలా? మనం అంత మార్పు తెచ్చాం!"

"ఏం తెచ్చినవ్? ఆయన సగం మంది పిల్లలకి జ్వరం మందు రాసిండు. నువ్వేం రాసినవ్? హాల్‌ల చెప్పులు ఎక్కడ విడువాలో రూల్స్ రాసినవ్."

పొయ్యి దగ్గర మా ఆవిడ కిసుక్కున నవ్వింది.

"అయితే ఏం చేద్దామంటావ్?"

"పోస్ట్‌పోన్ చెయ్యన్నా. బైలాస్ ఇంకా రాయలేదని చెప్దాం. రాసుడు మన చేతిలనే ఉన్నది కద."

నాకు ఆ సలహా ఎంత బాగా నచ్చిందో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. నేనేమీ దొంగతనం చెయ్యడం లేదు. కాస్త గడువు అడుగుతున్నాను, అంతే. గడువు అడగడం మా వంశవృత్తి. ఇంకో ఏడాది, మహా అయితే రెండేళ్ళు. కానీ ఇచ్చిన మాట ఊళ్ళో వందమంది విన్నారు. పైగా కొట్టులో ఆయన ఉన్నాడు. ముందు ఆయన్ని ఒప్పిస్తే తరవాత అందరినీ ఒప్పించినట్టే అనుకుని, వాదన సిద్ధం చేసుకుని వెళ్ళాను.

ఆయన ఉప్పుచేపని రంపంతో కోస్తున్నాడు. నేను నూనె డబ్బా మీద కూర్చుని మొదలుపెట్టాను. తొందరపడితే కొత్త ప్రజాస్వామ్యం దెబ్బతింటుందన్నాను. జనం ఇంకా సిద్ధంగా లేరన్నాను. ఆయన రంపం ఆపలేదు. అప్పుడు నా అసలు సరుకు బయటికి తీశాను.

"మీ కెప్టెన్లు మాత్రం? ఇంకా దేశం మీద ఒక కౌన్సిల్ పెట్టుకుని కూర్చోలేదా? ఏడేళ్ళు దాటింది. నేను రెండేళ్ళే అడుగుతున్నాను. మీ ధర కన్నా నాది తక్కువ."

రంపం ఆగింది. ఈసారి బేరం తగిలిందనుకున్నాను.

"కూర్చున్నారు. అది మాకు సిగ్గు. ఎప్పుడు లేస్తారా అని నేనూ చూస్తున్నాను" అన్నాడు. తరవాత చేతులు తుడుచుకుని నా పక్కన ఇంకో డబ్బా లాక్కుని కూర్చున్నాడు. "కానీ ఓటు? ఓటు ఏడాదిలో అన్నారు. ఏడాదికే పెట్టారు. అదే రోజున, ఏప్రిల్ ఇరవై అయిదున. ఒక్క రోజు అటూ ఇటూ కాలేదు."

ఆ రోజు ఆయనకి ఒక బడి ముందు కాపలా డ్యూటీ. జనం బారులు తీరారు. ఒక ముసలమ్మ పుట్టి బుద్ధెరిగి ఎప్పుడూ ఓటు వెయ్యలేదట, కాగితం పట్టుకుని ఈయన దగ్గరికి వచ్చింది. "నాయనా, మీరే కదా ఇది తెచ్చారు. ఎవరికి వెయ్యమంటావు?" అంది. ఈయన, "అమ్మా, నాకు తెలియదు. అందుకే నేను బయట నిలబడ్డాను" అన్నాడు.

"ఫలితం మా కెప్టెన్ కోరుకున్నట్టు రాలేదు, ఇండియా. ఆయన ఆ రోజు భోజనం చెయ్యలేదు. పొద్దున లేచి, గడ్డం గీసుకుని, డ్యూటీకి వచ్చాడు. అంతే. లారీ, పువ్వు, అవన్నీ ఫోటోలకి. నాకు గుర్తున్నది ఆ గీసుకున్న గడ్డం."

నేను ఇంకో వాదన వెతుక్కుంటున్నానని ఆయనకి తెలుసు.

"ఎంతకి తెమిలింది బేరం?" అన్నాడు మీసం కింద నవ్వుతూ.

"మీ దగ్గర ఓట్లు వేసుకోవడానికి ఏదైనా పెట్టె ఉందా?" అన్నాను.

ఉన్నది ఒక్కటే, ఉప్పుచేపలు దిగుమతయ్యే చెక్కపెట్టె. పైన ఓటు కాగితం పట్టేంత సందు ఆయనే రంపంతో కోసి ఇచ్చాడు. నేను దాన్ని ఇంట్లో మూడుసార్లు సబ్బుతో కడిగి, నిమ్మకాయ తొక్కలు వేసి, అగరొత్తులు వెలిగించాను. ఫలితంగా చేపల వాసన మీద గుడి వాసన చేరింది. మా ఆవిడ ఆ పెట్టె ఇంట్లో ఉన్నన్ని రోజులూ కిటికీలు తెరిచి, కోటు వేసుకుని వంట చేసింది.

ఉగాది నాడు జనం వరసలో వచ్చి, ముక్కు మీద రుమాలు పెట్టుకుని ఓటు వేశారు. గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ దూరం నుంచే కాగితం విసరబోయింది. డాక్టర్‌గారి వంతు వచ్చింది. ఆయన వంగి వాసన చూశారు.

"బాబూ, ఇది చేపల పెట్టె కదూ?"

"మూడుసార్లు కడిగానండీ."

"పర్లేదులే. ఓటుకి మడేమిటి" అని, కాగితం నాలుగు మడతలు పెట్టి లోపల వేశారు.

లెక్క నేనే చదివాను. ఆయనకి అరవై నాలుగు, నాకు నలభై ఒకటి. ఒక కాగితం మీద ఓటు లేదు, "పులిహోరలో పోపు మాడింది" అని ఉంది. ఆ అక్షరాలు మా ఆవిడవి. నలభై ఒకటి దగ్గర మాత్రం కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. వన్‌టౌన్‌లో పుట్టినవాణ్ణి, నా ధర ఇంత తక్కువని నలుగురిలో ఎప్పుడూ చదవలేదు. తరవాత స్టేజి మీది నా కుర్చీ దిండుతో సహా కిందికి ఎత్తుకొచ్చి, డాక్టర్‌గారి వెనక వేశాను.

ఆయన కూర్చోలేదు. మైకు దగ్గరికి వెళ్ళారు. వరంగల్ స్నేహితుడు అలవాటుగా వైరు మీద చెయ్యి వేశాడు. అవసరం రాలేదు. డాక్టర్‌గారు పదకొండు నిమిషాలు మాట్లాడి ఆపేశారు. దిగి వస్తూ నా దగ్గర ఆగి, "వచ్చే ఉగాదికి కూడా పెట్టె తెస్తావా? వీలైతే కాస్త వాసన తక్కువది చూడు" అన్నారు. ఆయన నోటితో ఆయనే వచ్చే ఎన్నిక మాట ఎత్తారు. ఈ పెద్దమనిషి చేత ఆ మాట అనిపించడానికే నేను కుర్చీ ఎక్కి అరిచానా, లేక దిండు కోసమా అన్నది ఇప్పటికీ నాకు పూర్తిగా తేలలేదు.

పెట్టె మార్చలేదు. ఏటా అదే వచ్చింది. కొన్నాళ్ళకి మా సంఘంలో ఎన్నిక అనే మాటే పోయింది. "ఈసారి చేపపెట్టెకి నిలబడుతున్నారా?" అని అడిగేవారు. ఇక్కడే పుట్టి తెలుగు సగం సగం వచ్చిన పిల్లలు, ఓటు పెట్టెని తెలుగులో చేపపెట్టె అంటారనే అనుకున్నారు.

ఆ ఏడు ఏప్రిల్ ఇరవై అయిదున కొట్టుకి వెళ్ళాను. బకెట్టు బల్ల మీదే ఉంది. ఆయన పువ్వు తీసి, కాడ తుంచి, కొట్టులో ఉన్న నలుగురికీ నన్ను చూపించాడు. "ఈ ఇండియా గెలవడని తెలిసీ ఓటు పెట్టాడు. ఎందుకు? ఈయనకి మన రోజు ముందునుంచీ తెలుసు. మొదటి సంవత్సరమే వచ్చి క్రావు అడిగాడు."

నలభై ఒక్క ఓట్లు భరించాను గానీ ఈ పొగడ్త భరించలేకపోయాను. ఇవ్వవలసినది ఇంకొకటి నా దగ్గర ఉండిపోయింది.

"సీనియోర్, ఆ రోజు నాకేమీ తెలియదు" అన్నాను. "నేను లవంగాలకి వచ్చాను. మీ భాషలో అడిగితే ధర తగ్గిస్తారని."

ఆయన చేతిలో పువ్వు అలాగే ఉండిపోయింది. భార్య వైపు తిరిగి వాళ్ళ భాషలో ఏదో అన్నాడు. ఆవిడ కత్తి కింద పెట్టి, ఏప్రాన్ మొహానికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టింది. ఆయన మాత్రం చాలా గంభీరంగా నా ముందుకి వచ్చాడు.

"అయితే మొదటి పువ్వుకి ధర ఉంది. ఒక డాలరు."

"డాలరా! ఒక్క పువ్వుకి? అదీ అప్పటికే వాడిపోయింది. పాత సరుకులా ఉండింది."

"తొంభై సెంట్లు."

"పావలా."

"పావలాకి కాడ వస్తుంది."

కొట్టులో వాళ్ళంతా చుట్టూ మూగి రెండు పక్షాలుగా చీలిపోయారు. ఆయన నాతో బేరం ఆడటం అదే మొదటిసారి. చివరికి నలభై సెంట్లకి తెమిలింది. ఇచ్చాను. ఆయన తీసుకుని గల్లాపెట్టెలో వేసి, చేతిలో ఉన్న ఆ ఏటి పువ్వు నా కాజాలో గుచ్చాడు. దానికి డబ్బులు తీసుకోలేదు.

ఆ శరదృతువులో ఒక సాయంత్రం నేను ఫ్యాక్టరీ నుంచి వస్తుంటే ఆయన కొట్టు గుమ్మంలోంచి, ఉప్పుచేపల మధ్య నుంచి తల బయటపెట్టి, వీధి అవతలికి వినపడేట్టు అరిచాడు. అప్పటినుంచీ అదే నా పేరు.

"ఓయ్, క్రావు ద ఇండియా! మా కెప్టెన్లు కౌన్సిల్ మూసేశారు. ఇంటికెళ్ళిపోయారు. వాళ్ళకన్నా నువ్వే ముందు!"

నేను రోడ్డు దాటి లోపలికి వెళ్ళి, ఇదే సమయమని, అర పౌను లవంగాలు అడిగాను. ధర తగ్గించలేదు.